దాత పేరు, గ్రహీత ముఖం

పరోపకారం చేసేవాడు దానివల్ల తనకు పేరు వస్తుందని తెలిసే చేస్తే, అది ధర్మం అవుతుందా, లేక ధర్మం వేషం కట్టిన వ్యవహారం అవుతుందా అన్న ప్రశ్న భారతీయ చింతనలోనూ పాశ్చాత్య నీతిశాస్త్రంలోనూ చాలా పాతది. రాజుల దానాల విషయంలోనో, శ్రీమంతులు కట్టించిన గుళ్ళూ సత్రాల విషయంలోనో ఈ ప్రశ్నను పండితులు తరచుగా వేసుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టి, ఇవాళ తెలుగునాట చిన్న పట్టణాల్లో సైతం ఒక భవనమో, ఒక కంటి ఆసుపత్రో, కనీసం వేసవిలో ఒక చలివేంద్రమో నడుపుతున్న సేవా క్లబ్బుల విషయంలో మాత్రం ఇదే ప్రశ్నను శ్రద్ధగా విచారించినవారు తక్కువ. ఎవరైనా అడిగినా ఎక్కువగా వెటకారంగా అడిగి వదిలేశారు. సేవా క్లబ్బు అంటే వేర్వేరు వృత్తుల్లో స్థిరపడినవారు సభ్యత్వ రుసుము చెల్లించి, వారానికో పక్షానికో ఒకసారి కూడుకొని, తమలో తమకు స్నేహాన్నీ ఊరి అవసరాలకు తోడ్పాటునూ ఒకే గొడుగు కింద నడుపుకొనే స్వచ్ఛంద సంఘం. వీటిలో రోటరీ, లయన్స్ ప్రపంచమంతటా విస్తరించినవి కాగా, ఆర్యవైశ్య సమాజం నుంచి వచ్చిన వాసవి క్లబ్బులు తెలుగువారు అదే నమూనాను తమదిగా చేసుకొని నిర్మించుకున్నవి.

ఈ సంఘాల పుట్టుకలోనే పై ప్రశ్న దాగి ఉంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది ఒక గనుల ఇంజనీరును, ఒక బొగ్గు వ్యాపారిని, బట్టలు కుట్టించి అమ్మే మరొక వర్తకుణ్ణి కూడగట్టి ప్రారంభించిన రోటరీకి మొదట్లో సేవ ఉద్దేశమే కాదు. ఒక్కొక్క వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవడం, సభ్యులు ఒకరికొకరు బేరాలు ఇచ్చిపుచ్చుకోవడం, మహానగరంలోని ఒంటరితనాన్ని పోగొట్టుకోవడం దాని తొలి లక్ష్యాలు. సభ్యుల మధ్య ఎంత వ్యాపారం జరిగిందో లెక్క రాయడానికి ఒక బాధ్యుడు కూడా ఉండేవాడు. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే న్యాయవాదిని చేరమని పిలిచినప్పుడు, తనవారికి తప్ప ఊరికి అక్కరకు రాని సంఘం ఎంతో కాలం నిలవదని ఆయన అభ్యంతరం చెప్పిన తర్వాతనే ఊరి మేలు అన్న మూడో లక్ష్యం నియమావళిలోకి వచ్చింది. మరుసటి ఏడాది షికాగోలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలని తలపెట్టిన ఉద్యమమే ఆ క్లబ్బు తొలి ప్రజాసేవ.

అదే 1905లో, జూన్ 12న, పుణేలో గోపాలకృష్ణ గోఖలే భారత సేవక సమాజాన్ని స్థాపించారు. అందులో చేరేవారు తమ కోసం ధనం ఆర్జించబోమని ప్రమాణం చేయాలి, కొన్నేళ్ళు శిక్షణ పొందాలి, జీవితాన్ని దేశానికి అప్పగించాలి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1897 మే 1న, వివేకానందుడు స్థాపించిన రామకృష్ణ మిషన్‌లో సేవకు ఆధారం సన్యాసం. జీవుణ్ణి శివుడిగా చూసి పూజించడమే సేవ అన్నది దాని సిద్ధాంతం. ఈ రెండూ త్యాగం నుంచి సేవకు నడిచాయి. షికాగో సంఘం దుకాణం నుంచి సేవకు నడిచింది, దుకాణం తలుపు మూయకుండానే నడిచింది. తెలుగు పట్టణాల్లో ఎక్కువగా వేళ్ళూనుకున్నది ఈ రెండో దారే కావడంలో ఆశ్చర్యం లేదు. సన్యాసం కొద్దిమందికే సాధ్యం, దుకాణం కట్టేసిన తర్వాత సాయంత్రం రెండు గంటలు చాలామందికి సాధ్యం.

దుకాణానికీ సేవకూ ఉన్న ఈ పొత్తును రోటరీ దాచుకోలేదు. ఆర్థర్ షెల్డన్ అనే సభ్యుడు 1910 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన నినాదం, అందరికంటే బాగా సేవ చేసేవాడే అందరికంటే ఎక్కువ లాభం పొందుతాడని చెప్పింది. 1911లో మరొక సభ్యుడి నుంచి వచ్చిన, స్వార్థాన్ని పక్కన పెట్టమనే మరో నినాదం కాలక్రమంలో దాని సరసన చేరింది. 1950లో రెంటినీ అధికారికంగా స్వీకరించారు. 1989లో స్వార్థానికి పైన సేవ అన్న భావం గలదాన్ని ప్రధాన నినాదంగా నిర్ణయించారు. ఈ రెండు నినాదాలకూ మధ్య ఉన్న వైరుధ్యం తాత్త్వికంగా చిన్నది కాదు. ఇమాన్యుయెల్ కాంట్ 1785లో వెలువరించిన నీతిమీమాంసలో, బేరం పోకూడదని, ధర తెలియని కొనుగోలుదారు దగ్గర కూడా ఎక్కువ తీసుకోకుండా అందరికీ ఒకే ధరకు అమ్మే దుకాణదారు ఉదాహరణ వస్తుంది. అతని పని ధర్మానికి అనుగుణంగానే ఉంటుంది గాని, ధర్మం కోసం జరగలేదు కాబట్టి దానికి నైతిక విలువ లేదని కాంట్ తీర్పు. షెల్డన్ నినాదం ఆ దుకాణదారునే ఆదర్శపురుషుడిగా నిలబెట్టినట్టు కనిపిస్తుంది.

1923లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన రోటరీ మహాసభ ఈ చిక్కును ఎదుర్కొంది. అక్కడ ఆమోదించిన తీర్మానం రోటరీని ఒక జీవన తత్త్వంగా నిర్వచిస్తూ, తన లాభం కోరుకోవడానికీ ఇతరులకు సేవ చేయవలసిన బాధ్యతకూ మధ్య మనిషిలో ఎప్పుడూ ఉండే ఘర్షణను సమన్వయపరచడమే దాని పని అని పేర్కొంది. స్వార్థాన్ని చంపమని అది చెప్పలేదు; ఘర్షణ ఎప్పుడూ ఉంటుందని ఒప్పుకొంది. లయన్స్ సంస్థ మరో దారి పట్టింది. షికాగోకే చెందిన బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో 1917లో ఏర్పడిన ఆ సంస్థ, సభ్యుల ఆర్థిక ప్రయోజనాన్ని ఏ క్లబ్బూ లక్ష్యంగా చూపరాదని తన తొలి మహాసభలోనే నిబంధన పెట్టుకుంది. నియమం స్పష్టంగానే ఉంది గాని, మనిషి మనసు దాన్ని అంత స్పష్టంగా పాటించదు. పదిమంది వ్యాపారులూ వైద్యులూ గుత్తేదారులూ నెలకు రెండుసార్లు కలిసి భోంచేస్తే వారి మధ్య పరిచయం వ్యాపారానికి అక్కరకు రాకుండా ఏ నిబంధనా ఆపలేదు.

మతసంస్థల వైపు నుంచి వచ్చిన అభ్యంతరం మరో రకమైనది. వాటికన్ 1929లో మతాచార్యులు రోటరీలో చేరడం ఉచితం కాదని సూచించి, 1950 చివరిలో దాన్ని నిషేధంగా మార్చింది. రహస్య సంఘాలతో సంబంధం ఉందేమోనన్న అనుమానం ఒక కారణం కాగా, ఏ మతాన్నీ ఆశ్రయించకుండానే మంచిచెడ్డలు బోధించే సంఘం మతం స్థానాన్ని ఆక్రమిస్తుందన్న భయం అంతకంటే లోతైనది. తర్వాతి దశాబ్దాల్లో ఆ వైఖరి మెత్తబడి, 1979లో రోమ్‌లో జరిగిన రోటరీ అంతర్జాతీయ సమ్మేళనంలో రెండో జాన్ పాల్ పోప్ స్వయంగా ప్రసంగించేదాకా వచ్చింది. హిందూ దేశంలో ఇలాంటి అభ్యంతరం పెద్దగా వినిపించలేదు. అందుకు సహనం ఒక్కటే కారణం కాదు. దేవుడి ప్రసక్తి లేకుండా ఊరి మేలు కోసం కూడుకొనే సంఘం ఇక్కడి ధర్మశాస్త్రాలకు కొత్తది కాదు. ఆ విషయానికి వచ్చే ముందు దానం గురించి శాస్త్రం పెట్టిన కొలతను చూడవలసి ఉంటుంది.

భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని గుణాలను బట్టి మూడు తరగతులు చేసింది. ఇవ్వడం తన విధి అన్న భావంతో, తిరిగి ఉపకారం చేయలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించి గాని, ఫలం మీద దృష్టి పెట్టి గాని, ఇస్తూ మనసులో బాధపడుతూ గాని ఇచ్చేది రాజసం. చోటూ సమయమూ పాత్రతా చూడకుండా, పుచ్చుకొనేవాణ్ణి గౌరవించకుండా, అతని పట్ల చులకనతో ఇచ్చేది తామసం. క్లబ్బుల మీద విమర్శ చేసేవారు సాధారణంగా రెండో తరగతి దగ్గరే ఆగిపోతారు. వారికి ఆధారాలు కూడా సులభంగానే దొరుకుతాయి. రోటరీ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు ఇచ్చినవారికి పాల్ హారిస్ ఫెలో అన్న గుర్తింపూ, లయన్స్ ఫౌండేషన్‌కు అంతే మొత్తం ఇచ్చినవారికి మెల్విన్ జోన్స్ ఫెలో అన్న గుర్తింపూ లభిస్తాయి. ఆహ్వానపత్రికల మీద పేరు చివర వరుసగా కనిపించే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో కొన్ని విద్యార్హతలు కావు, ఇలా సంపాదించుకున్న గుర్తింపులే. ఫలం మీద దృష్టి పెట్టి ఇచ్చేది రాజసమన్న కొలత ప్రకారం దీనికి మరో పేరు పెట్టలేం.

అయితే గీతలోని ఈ విభజనను ఎవరి మీద ప్రయోగించాలి అన్నది ముఖ్యం. అది కర్త తన్ను తాను పరీక్షించుకోవడానికి ఇచ్చిన కొలత; పక్కవాడి మనసులోకి తొంగిచూసి అతని దానాన్ని తూచడానికి ఇచ్చింది కాదు, ఎందుకంటే పక్కవాడి ఉద్దేశం ఎవరికీ కనిపించదు. పైగా విమర్శకులు గమనించనిది ఇంకొకటి ఉంది. ఫలాపేక్షను గీత రాజసంలో పెట్టింది గాని, పుచ్చుకొనేవాణ్ణి కించపరచడాన్ని అంతకంటే కిందనున్న తామసంలో పెట్టింది. పేరు కోరుకోవడం కంటే ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడం పెద్ద దోషమన్నమాట. సేవా క్లబ్బుల ధర్మవిచారణ జరగవలసింది ఈ రెండో దోషం దగ్గర. ఇంతకాలం మొదటిదాని దగ్గరే జరిగింది.

పేరు కోరుకోవడాన్ని తెలుగుదేశం ఎన్నడూ పాపంగా చూడలేదు. గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు మంజూషల మీద, అంటే బుద్ధుడి అస్థికలుంచిన రాతి భరిణెల మీద, క్రీస్తుకు పూర్వం నాటి శాసనాలున్నాయి. వాటిని చెక్కించినవారిలో ఒక గోష్ఠీ, అంటే ధర్మకార్యం కోసం కూడుకున్న సంఘమూ, ఒక నిగమం, అంటే వర్తకుల సమాజమూ ఉన్నాయి; సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి; కుబిరక రాజును సింహ గోష్ఠికి ప్రముఖుడిగా, అంటే నేటి భాషలో అధ్యక్షుడిగా, పేర్కొన్నారు. సభ్యుల జాబితా, దానికి పైన అధ్యక్షుడి పేరు, అందరూ కలిసి ఇచ్చిన వస్తువు: నమూనా అంతా అప్పటికే సిద్ధంగా ఉంది. మధ్యయుగానికి వస్తే, చెరువు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, కొడుకు అనే ఏడింటినీ సప్తసంతానాలని పిలిచి, మనిషి పోయిన తర్వాత అతని పేరు నిలిపేవి ఇవేనని తెలుగు రాజులూ సామంతులూ శాసనాల్లో చెప్పుకున్నారు. కొడుకుతో సమానంగా చెరువును లెక్కించిన సంస్కృతిలో, చెరువు తవ్వించినవాడు రాయి మీద పేరు వేయించుకోవడం అహంకారంగా కాక వంశం నిలుపుకోవడంగానే కనిపించింది.

సంఘాల సేవను ధర్మశాస్త్రం ఎంత సూక్ష్మంగా పట్టించుకుందో బృహస్పతి స్మృతి చూపుతుంది. ఇది పూర్తి గ్రంథంగా దొరకలేదు; తర్వాతి నిబంధకారులు ఉదహరించిన శ్లోకాలను ఏరి కూర్చినదే మనకు మిగిలింది. ఊరివారో వృత్తిసంఘమో కలిసి రాసుకొనే ఒడంబడికను ఆ స్మృతి సమయం అని పిలిచి, అందులో ఏయే పనులు ఉండవచ్చో చెబుతుంది: సభామండపాన్నీ చలివేంద్రాన్నీ దేవాలయాన్నీ చెరువునూ తోటనూ బాగుచేయించడం, దిక్కులేని బీదలకు సంస్కారాలు జరిపించడం వాటిలో ముఖ్యమైనవి. చలివేంద్రం పెట్టడం, వైకుంఠ రథాన్ని నడపడం, అనాథ శవాలకు అంత్యక్రియలు చేయించడం, శ్మశానవాటికను బాగుచేయించడం నేటి పట్టణ క్లబ్బుల పనుల్లో ఎంత భాగమో తెలిసినవారికి ఈ పట్టిక కొత్తగా అనిపించదు. పదిహేను శతాబ్దాల ఎడమున్నా ఊరి అవసరాలు పెద్దగా మారలేదని కూడా ఇది చెబుతుంది, అందులో సంతోషించవలసింది తక్కువ.

కాబట్టి ఊరివారు సంఘంగా ఏర్పడటమూ, దాతలు పేరు చెక్కించుకోవడమూ, రెండూ ఇక్కడివే. కొత్తగా వచ్చిందేమిటో తెలియాలంటే పాత శాసనాన్ని నేటి ఫ్లెక్సీ పక్కన పెట్టి చూడాలి. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనంలో దాత వంశం, అతని గొప్పతనం, రెండేళ్ళపాటు వెయ్యిమంది కూలీలూ వంద బండ్లూ పనిచేసిన వైనం, చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అన్నీ ఉన్నాయి. ఆ నీళ్ళు తాగినవారి పేర్లు లేవు. ఆ చెరువు కింద పొలం పండించుకున్న బీదరైతును రాజు పక్కన నిలబెట్టి, ఇతను పేదవాడు, ఇతనికి మేము నీళ్ళిచ్చాం అని ఎవరూ రాయి మీద చెక్కలేదు. శాసనం దాతను చూపి గ్రహీతను వదిలేసింది. నేటి ఫొటో ఇద్దరినీ చూపుతుంది, ఇద్దరిలో గ్రహీతనే ఎక్కువగా చూపుతుంది. ఎందుకంటే అతని పేదరికం కనిపించకపోతే దాత మంచితనం రుజువు కాదు.

కుట్టుమిషన్ల పంపిణీలో మిషన్ ఒకటే ఉన్నా దాని చుట్టూ ఎనిమిది చేతులు కనిపించడం, దివ్యాంగుడి మూడు చక్రాల బండి మీద బండి విలువ కంటే పెద్దగా క్లబ్బు పేరు రాయించడం, ఉచిత కంటి శస్త్రచికిత్స చేయించుకున్న వృద్ధులను ఆకుపచ్చ గుడ్డ కళ్ళకు కట్టి ఉండగానే వరుసగా కూర్చోబెట్టి బ్యానర్ పట్టించడం, బీద విద్యార్థినికి రుసుము చెక్కును తోటి విద్యార్థుల ముందు వేదిక మీద అందించడం తెలుగు పత్రికల జిల్లా అనుబంధాలు చదివేవారికి బాగా పరిచయమైన దృశ్యాలు. వీటిలో ఇచ్చిన వస్తువు నిజమైనదే, అవసరమైనదే. శస్త్రచికిత్స జరగకపోతే ఆ వృద్ధుడికి చూపు రాదు. అయినా ఆ చూపుతో అతను తర్వాత చూడవలసినవాటిలో ఆ ఫొటో కూడా ఉంటుంది. పిల్ల విషయంలో మాట మరీ గట్టిగా చెప్పవలసి ఉంటుంది: చదువుకు డబ్బు దొరికిన రోజే తాను తరగతిలో అందరికంటే బీదదని ఊరంతటికీ తెలిసిపోవడం ఆమె అడిగి పుచ్చుకున్న ధర కాదు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు చదువు ముగించుకొని వెళ్ళే శిష్యుడికి ఎలా ఇవ్వాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వాలి, సంపదకు తగినట్టు ఇవ్వాలి, హ్రీతో, అంటే సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, సంవిత్తుతో ఇవ్వాలి. చివరిదాన్ని శంకర భాష్యం మైత్రి మొదలైనవాటితో ముడిపెట్టింది. స్నేహబంధం మీద నిలిచే క్లబ్బులకు ఇది అనుకూలమైన వ్యాఖ్య. కాని విచారణకు కీలకమైనది హ్రీ. ఇస్తున్నప్పుడు సిగ్గుపడవలసింది ఇచ్చేవాడని ఉపనిషత్తు అంటోంది: ఇంత తక్కువే ఇస్తున్నానే అన్న సిగ్గు కావచ్చు, తన దగ్గర ఉండి ఎదుటివాడి దగ్గర లేకపోవడానికి తన గొప్పతనం కారణం కాదన్న సిగ్గు కావచ్చు. వేదిక మీద పంపిణీలో ఆ సిగ్గు తారుమారవుతుంది. ఇచ్చేవాడు నవ్వుతూ కెమెరా వైపు చూస్తాడు, పుచ్చుకొనేవాడు నేల చూస్తాడు.

ఇతర మతాల బోధ కూడా ఇక్కడికే వస్తుంది. ఏసు కొండమీది ప్రసంగంలో, కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదన్న బోధ దాత కీర్తికాంక్షను ఉద్దేశించింది. ఖురాన్ రెండో అధ్యాయంలోని బోధ కొంత భిన్నం. అది బాహాటంగా చేసే దానాన్ని కూడా మంచిదేనని ఒప్పుకొని, బీదలకు గుప్తంగా ఇవ్వడం అంతకంటే మేలని అంటుంది. క్లబ్బుల వాదనకు ఇందులో కొంత చోటుంది. నలుగురికీ తెలిస్తేనే మరో నలుగురు ముందుకు వస్తారని, చందా ఇచ్చినవారికి పని జరిగినట్టు రుజువు చూపాలని వారు అంటారు. గీత లోకసంగ్రహం అని పిలిచినదీ, అంటే పెద్దల నడతను చూసి లోకం నడుచుకోవడాన్ని గుర్తుంచుకొని పనిచేయడమూ, ఈ వాదనకు బలమిస్తుంది. అయితే ఆ రుజువుకు శస్త్రచికిత్సల సంఖ్య, ఆసుపత్రి రసీదు, లెక్కల పత్రం చాలు. వృద్ధుడి ముఖం అవసరం లేదు. బాహాటంగా చెప్పుకోవలసింది పని గురించి, గుప్తంగా ఉంచవలసింది మనిషి గురించి అని విడదీస్తే రెండు ధర్మాలూ నిలుస్తాయి.

ఇది సాధ్యమేనని క్లబ్బులే తమ పనుల్లో కొన్నింటి ద్వారా నిరూపిస్తున్నాయి. రక్తదాన శిబిరంలో ఇచ్చిన రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్ళిందో దాతకు తెలియదు, రోగికి ఎవరు ఇచ్చారో తెలియదు. 1925లో హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తి నుంచి అంధత్వ నివారణను తమ ప్రధాన వ్రతంగా పెట్టుకున్న లయన్స్ సభ్యులు, చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి ఆ దుఃఖంలోనే కుటుంబాన్ని ఒప్పించి సేకరించే నేత్రదానం ఇంకా విశేషమైనది. అక్కడ దాత లోకంలోనే ఉండడు, గ్రహీత పేరు బయటికి రాదు, మధ్యనున్న క్లబ్బు సభ్యుడికి మిగిలేది అర్ధరాత్రి ఫోను మాత్రమే. సాత్త్విక దానానికి గీత చెప్పిన లక్షణాల్లో ప్రత్యుపకారం అసాధ్యం కావడం ఒకటి. ఈ రెండింటిలో దాన్ని సాధించింది సభ్యుల హృదయశుద్ధి కాదు, పని నిర్మాణం. మనసు శుద్ధి అయ్యేదాకా ఆగకుండానే పని శుద్ధిగా జరిగే ఏర్పాటు చేయడం సంఘానికి సాధ్యం, ఒంటరి దాతకు కష్టం.

నాయకత్వం విషయంలోనూ క్లబ్బుల బలం ఇలాంటి ఏర్పాటులోనే ఉంది. రోటరీలోనూ లయన్స్‌లోనూ అధ్యక్షుడి పదవి ఒక్క ఏడాదే; జులై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. ఊరి క్లబ్బు అధ్యక్షుడి నుంచి జిల్లా గవర్నర్ దాకా, ప్రపంచ అధ్యక్షుడి దాకా ఇదే నియమం. 1962లో నితీశ్‌చంద్ర లాహిరి రోటరీ తొలి ఆసియా అధ్యక్షుడైనప్పుడు ఆయనకూ దక్కింది ఏడాదే. పదవిని అంటిపెట్టుకోవడం ప్రజాజీవితంలో వ్యసనంగా మారిన దేశంలో, మెడలో వేసుకున్న కాలర్‌ను ఏడాది తిరిగేసరికి మరొకరి మెడలో స్వయంగా వేయవలసి రావడం చిన్న శిక్షణ కాదు. సంఘం పని చూసేవారిని యాజ్ఞవల్క్య స్మృతి కార్యచింతకులు అని పిలిచి, వారు ధర్మం తెలిసినవారూ శుచి గలవారూ లోభం లేనివారూ అయి ఉండాలని నియమించింది. శుచి అన్నది ఇక్కడ స్నానానికి సంబంధించింది కాదు, డబ్బు దగ్గర నిజాయితీకి సంబంధించింది. అదే స్మృతి, సంఘం పని మీద వెళ్ళినవాడికి అక్కడ ఏమైనా లభిస్తే దాన్ని సంఘానికే అప్పగించాలని, తానుగా అప్పగించకపోతే పదకొండు రెట్లు కట్టించాలని, సంఘద్రవ్యాన్ని కాజేసినవాడి ఆస్తి లాక్కొని దేశం నుంచి వెళ్ళగొట్టాలని శిక్షలు కూడా రాసింది. ఇంత కఠినంగా కాకపోయినా లయన్స్ నియమావళి ఇదే సూత్రాన్ని పాటిస్తుంది: ప్రజల నుంచి సేకరించిన సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి, ప్రజల పనికే ఖర్చు కావాలి, సభ్యుల భోజనాలకూ పరిపాలనకూ వారి సొంత చందాలే వాడుకోవాలి. దేవుడి సొమ్ము వేరు, పూజారి ఇంటి ఖర్చు వేరు అన్న ఆలయధర్మం ఈ దేశానికి బాగా తెలిసినదే, అంతే బాగా మరచినదే.

లయన్స్ క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి ఒకటుంది. సమావేశంలో సభ్యుల చిన్న చిన్న తప్పులకు సరదాగా జరిమానాలు వేయడం అతని పని, ఎవరికైనా వేయవచ్చు, అతనికి మాత్రం హాజరైనవారంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే ఎవరైనా జరిమానా వేయగలరు. అధికారాన్ని వేళాకోళం చేయడానికి అధికారికంగా ఒకరిని నియమించుకున్న ఈ తమాషాలో, పెద్దరికం తలకెక్కకుండా చూసుకోవాలన్న జాగ్రత్త లేకపోలేదు. ఏ క్లబ్బులో టెయిల్ ట్విస్టర్ అధ్యక్షుడికి జరిమానా వేయడానికి జంకుతాడో ఆ క్లబ్బు సంగతి విడిగా విచారించనక్కరలేదు.

సేవకు అధికారం ఎవరిదన్న ప్రశ్నలో ఈ సంఘాలు చాలాకాలం తప్పుదారిలో ఉన్నాయి. మహిళలకు సభ్యత్వం ఇచ్చిన కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు గుర్తింపును రోటరీ రద్దు చేయగా, వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987 మేలో క్లబ్బు గెలిచింది. 1989లో రోటరీ ప్రపంచవ్యాప్తంగా తన నియమం మార్చుకుంది. ప్రపంచ అధ్యక్ష పీఠం మీద తొలి మహిళ కూర్చోవడానికి 2022 దాకా పట్టింది. స్వార్థానికి పైన సేవ అన్నవారు సేవ చేస్తామని వచ్చినవారిని వాకిట్లో ఆపి ఉంచడానికి తాత్త్విక సమర్థన ఏదీ లేదు. అది అలవాటు మాత్రమే.

ఏడాది పదవిలోని దోషం మరొకటి, ఇది ఇంకా తీరలేదు. ప్రతి అధ్యక్షుడికీ తన ఏడాదిలో తన పేరుతో ఒక కొత్త పని కావాలి. అందువల్ల గత అధ్యక్షుడు కట్టించిన బస్సు షెల్టరుకు రేకు ఊడినా, అంతకు ముందాయన ప్రభుత్వ పాఠశాలకు ఇచ్చిన మంచినీటి యంత్రానికి ఫిల్టరు మార్చవలసి వచ్చినా, ఆ పనిలో ప్రారంభోత్సవం ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు. ధర్మగ్రంథాలు ఈ ప్రలోభాన్ని ముందే పసిగట్టినట్టు, కొత్తది కట్టడం కంటే జీర్ణోద్ధరణకు, అంటే శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడానికి, పుణ్యం ఎక్కువని చెప్పాయి. బృహస్పతి పట్టికలో చలివేంద్రానికీ చెరువుకూ చెప్పినది కూడా బాగుచేతే. పోరుమామిళ్ళ శాసనం చెరువు దోషాలను ఏకరువు పెట్టింది కూడా, తర్వాత వచ్చేవారు కట్టను చూసుకోవాలన్న తలంపుతోనే అయి ఉండాలి.

ఏడాది పదవులతోనే దీర్ఘకాలపు పని నడపవచ్చని చూపే గొప్ప ఉదాహరణ రోటరీ చేతిలోనే ఉంది. 1985లో ప్రారంభించిన పోలియో నిర్మూలన ఉద్యమాన్ని ఏటా మారే అధ్యక్షులు ఒకరి తర్వాత ఒకరు మోస్తూ వచ్చారు. ప్రభుత్వాలతో, ప్రపంచ ఆరోగ్య సంస్థతో, యూనిసెఫ్‌తో కలిసి సాగిన ఆ కృషిలో భారతదేశపు చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న, భారతదేశం కూడా ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతమంతటినీ పోలియోరహితంగా ప్రకటించారు. ఇందులో ఏ అధ్యక్షుడూ ఇది నా ప్రాజెక్ట్ అనలేడు. నోట్లో రెండు చుక్కలు వేయించుకున్న పసివాళ్ళు కోట్ల మంది. ఎవరు బీదవారో ఎవరు కారో ఆ వరుసలో తెలియలేదు, అందరికీ అవే చుక్కలు. దాత పేరు పలచబడి, గ్రహీత దీనుడిగా కాక పౌరుడిగా నిలబడిన సందర్భం అది.

ఊరి క్లబ్బు ఇంత పెద్ద ఉద్యమం నడపలేదు గాని ఇదే పద్ధతిని తన కొలతలో పాటించగలదు. పదవీ స్వీకార సభలో కొత్త అధ్యక్షుడు రాబోయే ఏడాది పథకాలను చదివే ముందు, క్లబ్బు గత పదేళ్ళలో కట్టించినవాటి పట్టికను చదివి, వాటిలో ఏది పనిచేస్తోందో, ఏది తాళం వేసి ఉందో, ఏది బాగుచేయడానికి ఎంత కావాలో సభకు చెప్పవచ్చు. దానికి నియమావళి మార్చనక్కరలేదు, గవర్నర్ అనుమతి అక్కరలేదు. మొదటి ఏడాది మాత్రం కొంత ఇబ్బంది తప్పదు, ఎందుకంటే తాళం వేసి ఉన్నవాటి మీది పేర్లలో చాలావి ఆ సభలోనే ముందు వరుసలో కూర్చున్న పూర్వాధ్యక్షులవి.